సబూర్ లెక్క

మార్చి మొదలు రోజూ తెల్లారుగట్ల అయిదింటికి
సుబియా రేవులో పడవెక్కుతాం.
జబ్బార్ ఇంజను తంతాడు,
డాక్టర్ షెయిమా ఉప్పు మీటరు తుడుచుకుంటుంది,
నేను కత్తి నూరుకుంటాను.
యానాం సంతలో పదహారేళ్ళు చేపలు కోసిన కత్తి కాదిది.
దాన్ని విమానం ఎక్కనివ్వలేదు.

పదకొండేళ్ళు సాల్మియాలో ఒకరి పిల్లల్ని ఎత్తుకున్నాను,
అంట్లు తోమాను.
ఓ శుక్రవారం మామా వంటింట్లో నేను చేప కోస్తుంటే
వాళ్ళ మేనకోడలు గుమ్మంలో నిలబడి చూసింది:
పొట్ట చీలింది, లోపలి సంచి చిరగలేదు.
ఆ మేనకోడలే ఈ డాక్టరు.

చేపని సబూర్ అంటారు వీళ్ళు.
మొదటి రోజు తడిగోనె మీద పడుకోబెట్టినప్పుడు
దాని పేరు నా నోటిదాకా వచ్చి ఆగింది.
సముద్రంలో ఉంటే ఇలస, గోదాట్లోకి ఎక్కితే పులస.
ఇక్కడ దానికి ఎక్కడున్నా ఒకటే పేరు.
పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు.
నేను పుస్తెలమ్మి వీసా కొనుక్కున్నాను.

మూతి నుంచి తోక చీలిక దాకా కొలత. తూకం.
మెడ దగ్గర పొలుసొకటి, చిన్న కవర్లోకి.
తల లోపల చెవిరాయి, బియ్యపు నూకంత;
ఏడాదికో గీత గీసుకుంటుందట,
ఏ నీళ్ళలో బతికిందో కూడా దాన్లోనే ఉంటుందట.
చివరికి జన.
ఒకటంటే దారం. మూడంటే పసుపు ముద్ద.
అయిదంటే, వేలు తగిలితే గింజలు జారిపోయేది.
నేను వేలితో చెప్తాను, ఆవిడ అద్దంలోంచి చూస్తుంది,
ఇద్దరం ఒకే అంకె అంటేనే జబ్బార్ రాస్తాడు.

జబ్బార్‌ది అబాదాన్.
వాళ్ళ తాత రోజుల్లో మంద ఏట్లోకి ఎక్కుతుంటే
నీళ్ళు ఎసరు మరిగినట్టుండేవట.
ఇప్పుడు పైన కట్టలు, దానిపైన ఇంకా కట్టలు,
తీపి నీళ్ళు కిందికి దిగవు, ఉప్పే పైకి ఎక్కుతోంది.
"మాకూ ధవళేశ్వరం ఉంది" అన్నాను.
అర్థం కాలేదు.
అరచెయ్యి అడ్డంగా నిలబెట్టి చూపిస్తే తలూపాడు.

ఏప్రిల్లో తోజ్ లేచి నాలుగు రోజులు పడవ కదల్లేదు.
పళ్ళ మధ్య ఇసక, అన్నంలో ఇసక.
మే నెలంతా నాలుగులు, అయిదులు.
నిండు కడుపులతో ఏటి నోటి దగ్గరే తచ్చాడుతున్నాయి.
మీటరులో అంకె దిగదు.
డాక్టరు మాటలు తగ్గించేసింది.

జూన్ పదకొండు. నూట నలభై రెండో చేప.
సంచి ఉంది, వదులుగా, ముడతలు పడి,
ఎర్రగా కమిలి, మూల నాలుగైదు గింజలు మిగిలి.
"ఖలాస్" అన్నాను.
పాడైపోయిందనుకుంది ఆవిడ.
"కాదు. పెట్టేసింది. పైకెక్కి, పెట్టేసి, తిరిగొచ్చింది."
అద్దంలోంచి చాలాసేపు చూసింది.
"వేలైనా పెట్టలేదు, ఎలా తెలిసింది నీకు?"
మూడో కాన్పు మర్నాడు నా పొట్ట నేనే తడుముకున్నాను,
ఆ మాట చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
"చాలా కోశాను" అన్నాను.

జబ్బార్ పుస్తకంలో తొలిసారి ఆరు వేశాడు.
వీళ్ళ ఆరు తిరగేసిన ఏడులా ఉంటుంది.
వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.
పైన ఎక్కడో ఓ పాయ ఇంకా తియ్యగా ఉంది.
ఎక్కడో మాత్రం ఆ రాయి చెప్పాలి.

రాళ్ళు డబ్బాలోకి, జన సీసాలోకి, కండ నాకు.
ఆ రాత్రి బెండకాయలు వేసి పులుసు పెట్టాను.
ముళ్ళు ఎక్కువ.
ఒక్కోటీ తీసి పళ్ళెం అంచున పెడుతుంటే
పక్క మంచం రాయచోటి ఖైరున్ అడిగింది,
"లెక్కపెడుతున్నావా అక్కా?"
లేదన్నాను.
అప్పటికి నలభై మూడు.